అవ్వ కాచిన సంత్ర నూనె

మొన్న హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేసే అమ్మాయి వేలెడంత సీసా మూత తీసి, "నారింజ నూనె మేడం, వాసన చూడండి" అని ముక్కు దగ్గర పెట్టగానే నాకు మా పెద్దబాపు మీద ఒళ్లు మండింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా కోపం మాత్రం పోలేదు.

మాది చొప్పదండి దగ్గర పల్లె. అక్కడ నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ, నారింజను సంత్ర అనీ అంటాం. బాపు పోయాక అవ్వ సంత్ర తొక్కలతోనే నన్ను సాకింది. చలికాలం మొదలవగానే వరిగడ్డి పరుపుల మీద నాగపూర్ సంత్రలు లారీల్లో దిగేవి. కరీంనగర్ బస్టాండు దగ్గర రసం బండ్లవాళ్లు పారేసిన తొక్కల్ని అవ్వ గోనెసంచుల్లో కూరి, కండక్టరు సణుగుతున్నా వినకుండా బస్సెక్కించి తెచ్చేది. తొక్కలూ నీళ్లూ రాగిబిందెలో పోసి, మూతి చుట్టూ గోధుమపిండి మెత్తి, గొట్టాన్ని చన్నీళ్ల గోళెంలోంచి సీసాలోకి దించితే, చుక్కచుక్కగా పడ్డ నీళ్లమీద లేతపసుపు నూనె తేలేది. తల్లిగారింటి దిక్కు, ఆదిలాబాద్ అడవుల్లో, ఇప్పసారా కాచే తీరు చూసి నేర్చుకున్న పని అది. నూనెను కరీంనగర్‌లో అగరొత్తులు చేసేవాళ్లు కొనేవారు. నేనేమో కొండగట్టు జాతరలో కొన్న బుగ్గల మీద, అంటే బెలూన్ల మీద, తొక్క పిండి టప్పున పగలగొట్టేదాన్ని. ఒకసారి నూనె ఒలికి థర్మోకోల్ ముక్క వెన్నలా కరిగిపోతే రోజంతా అదే ముచ్చట చెప్పుకున్నాను.

పెద్దబాపు, అంటే బాపు అన్న, ఒకనాడు వాకిట్లో నిలబడి గర్జించాడు.

"పటేలింటి కోడలు బస్టాండుల తొక్కలేరుడేంది? మేం మొకం యాడ వెట్టుకోవాలె?"

"తొక్కలే ఏరుతున్న బావా, దొంగతనం చేస్తలేను," అంది అవ్వ.

వారం తిరక్కముందే ఆబ్కారీవాళ్లు వచ్చారు. మా అవ్వ, రాజవ్వ, సారా కాస్తోందని ఎవరో చెప్పారట. వాసన చూడండని అవ్వ సీసా పట్టుకుని బతిమాలినా ఒక్కడూ ముక్కు వంచలేదు. బిందెను గొడ్డలితో పొడిచి, గొట్టం విరిచి పోయారు. పెద్దబాపు అరుగుమీద కూర్చుని తమాషా చూశాడు. ఆ రోజు నుంచి ఊళ్లో అవ్వ సారా రాజవ్వ, బడిలో నేను సారాపిల్ల. మిగిలిన ఒక్క నూనె సీసాను వడ్ల గుమ్మిలో దాచి, పదకొండేళ్లకే పగ పట్టాను.

మరుసటేడు పెద్దబాపు సర్పంచయ్యాడు. సన్మానానికి వేదిక కట్టి, నీలం గుడ్డ మీద ఆయన పేరును థర్మోకోల్ అక్షరాలతో అతికించారు. డప్పులతో ఆయన్ని ఎదుర్కోవడానికి జనమంతా సడక్ మీదికి పోయినప్పుడు, నేను స్టూలెక్కి నూనెలో ముంచిన గుడ్డతో ఆ అక్షరాలన్నిటినీ తుడిచాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏ పనీ చేయలేదు.

దండలు వేసుకుని ఆయన వేదిక ఎక్కేసరికి పేరంతా జిగురులా కారుతోంది. ఎవరో పకపకా నవ్వారు. ఆయన గాలి పీల్చి, మైకు ముందే అరిచాడు.

"గీ వాసన నాకెరుక లేదా! రాజవ్వ కాచే సంత్ర నూనె గిది!"

ఆడవాళ్లలోంచి అవ్వ లేచి నిలబడింది.

"నూనె అని ఎరుకనేనా బావా? మరి ఆబ్కారోళ్లకు సారా అని ఎందుకు జెప్పినవ్?"

మెడలో దండలతోనే ఆయన వేదిక దిగి వెళ్లిపోయాడు.

సారా పేరు ఆ పూటతో పోయింది. పగిలిన బిందె మాత్రం అతకలేదు, అవ్వ మళ్లీ ఆ పొయ్యి ముట్టించలేదు. మిషన్ కుట్టి నన్ను చదివించింది. ఇప్పుడు బస్టాండు తొక్కల్ని మున్సిపాలిటీ బండి చెత్తతోపాటు ఎత్తుకుపోతోంది, వాటిలో నూనె ఉందని ఆ దిక్కున చెప్పేవాళ్లు కూడా లేరు. పెద్దబాపు పోయిన నాడు అవ్వ వెళ్లింది, ఏడ్చింది కూడా. నన్ను రమ్మని మూడుసార్లు కబురంపింది. నేను పోలేదు.