పొడుగు లైను నన్నే సాహెబ్

బహ్రెయిన్ వంతెన మీద అందరికంటే ముందు దాటే వీలుండీ అందరి వెనక నిలబడే మనిషి నన్నే సాహెబ్ ఒక్కడే.

కడప నుంచి వచ్చి సౌదీలోని అల్ ఖోబర్‌లో కారు నడుపుకొనేవాడు. సౌదీ, బహ్రెయిన్‌ల సరిహద్దు తరచూ దాటే నమ్మకస్తుల కోసం వంతెన మీద ఒక స్పీడు గేటు ఉండేది. ముందే పేరు నమోదైన వాళ్లు వేలిముద్ర వేస్తే చాలు, కడ్డీ లేచేది. అతని పేరు అందులో ఉంది. అతని కారెక్కే భూమేష్, భార్య సరళ, కూతురు కావ్య పేర్లూ ఉన్నాయి. అయినా అతను మామిడిపండ్లు ఏరినట్టు లైన్లన్నీ పరికించి, అన్నిటికంటే పొడుగైనదాని చివర కారు ఆపేవాడు.

సౌదీలో అప్పటికి సినిమా హాళ్లు లేవు. శుక్రవారం వస్తే వీళ్లు తెలుగు సినిమాకు బహ్రెయిన్ వెళ్లేవాళ్లు. ఇన్నేళ్లలో ఒక్క హీరో తెర మీద అడుగుపెట్టడం కూడా చూడలేదు. వీళ్లు కూర్చునేసరికి విలన్ సగం పాపాలు చేసేసి ఉండేవాడు.

"చాచా, గా గేటు ఖాళీగుంది గదా" అనేవాడు భూమేష్.

"ఖాళీగా ఉండే దోవను నమ్మగూడదప్పా."

ఒకసారి ఆ గేటు గాలికి జలుబు చేస్తుందన్నాడు. ఇంకోసారి ముందు కారతని ముఖం మంచిదన్నాడు. డ్రైవర్ని మారుద్దామని సరళ ప్రతివారం అనేది. ప్రతివారం అతనికి సకినాలు తెచ్చేది. దమ్మామ్‌లో మెయింటెనెన్స్ పని ముగించుకుని భూమేష్ ఇల్లు చేరేసరికి కావ్య నిద్రపోయేది. అందుకే వారం రోజుల బడి కబుర్లన్నీ కారులోనే చెప్పేది. లైను కదలనంతసేపూ ఆ పిల్ల నోరు కదిలేది.

తర్వాత పరాయి దేశపు పనివాళ్ల కుటుంబాల మీద సౌదీలో లెవీ అని కొత్త పన్ను పడింది. మనిషికింతని కట్టాలి, ఏటా పెరుగుతుంది. భూమేష్ వల్ల కాలేదు. తల్లీకూతుళ్లను జగిత్యాల పంపడానికి బహ్రెయిన్ నుంచి టికెట్లు తీశాడు.

ఆ రోజు నన్నే సాహెబ్ చెప్పిన వేళకంటే చాలా ముందే వచ్చాడు. వంతెన మీద మాత్రం పొడుగు లైన్లోనే చేరాడు.

"ఇయ్యాల గూడనా చాచా? ఫ్లైటు పోతది."

"పోదు. అందుకే బిరీన వస్తి." అతను అద్దంలో కావ్యను చూశాడు. "సినిమాలో మాటలు వాళ్లవి గదప్పా. లైన్లో మాటలే మీవి. పాపను మాట్లాడనీ."

భూమేష్ కూతురి వైపు తిరిగి కూర్చున్నాడు. మొదటిసారి ఆ లైను అతనికి పొట్టిగా కనిపించింది.

వాళ్లను విమానాశ్రయంలో దింపి తిరిగి వస్తుంటే నన్నే సాహెబ్ కారును తిన్నగా స్పీడు గేటు వైపు తిప్పాడు. భూమేష్ నోరు తెరిచాడు.

"నీ కారుకు గీ తొవ్వ గూడ ఎరికేనా చాచా?"

"మాట్లాడేవాళ్లు లేరు గదప్పా. ఇంక లైను దేనికి?"

కడ్డీ దగ్గరపడుతుండగా భూమేష్ ఫోను మోగింది. విమానం ఆలస్యమట.

"నాయినా, ఒక ముచ్చట మర్చిపోయిన" అంది కావ్య.

నన్నే సాహెబ్ ఇండికేటర్ వేసి, లైన్లన్నీ ఒకసారి పరికించి, అన్నిటికంటే పొడుగైనదాని చివరికి కారు పోనిచ్చాడు.