గడియారం కింద గ్రూపు ఫొటో

మాది భూపాలపల్లి దిక్కు. అక్కడ బొగ్గు ఉన్నది, అడివి ఉన్నది, రైలు లేదు. పెండ్లయి జనగామ వచ్చేదాక నేను రైలెక్కలేదు. ఎక్కినంక మాత్రం కిటికీ పక్క సీటు కోసం చిన్నపిల్ల లెక్క కొట్లాడేదాన్ని.

మా ఆయనకు జనగామల ఫొటో స్టూడియో. కొత్తల నేను లైట్లు పట్టుకునేదాన్ని. తర్వాత తర్వాత కెమెరా నా చేతికే వచ్చింది. ఆడోళ్ల ఫంక్షన్లకు నన్నే పిలిచేటోళ్లు. మహబూబాబాద్‌ల పెండ్లిళ్లకు పోయినప్పుడల్లా దారిల ఒక చిన్న స్టేషన్ కనపడేది. రాతి గోడలు, కమాను కిటికీలు, పోత ఇనుప స్తంభాలు, చూరు పొడుగూత లేసు అల్లినట్టు కోసిన చెక్క. విక్టోరియా రాణి కాలంల కట్టిందంటరు. ఎక్స్‌ప్రెస్ ఆడ ఆగదు. సరిగ్గ చూసేలోపల జారిపోయేది. ఎన్నటికైనా దిగి ఫొటోలు తియ్యాలని మనసుల ఉండె.

తెలంగాణ కొట్లాట గట్టిగ నడుస్తున్న రోజులవి. మహబూబాబాద్‌ల ఒక పెండ్లికి పోయిన. తెల్లారి బంద్ పిలుపు ఉన్నదని చుట్టాలు పొద్దుగూకకముందే వెళ్లిపోయిన్రు. మర్నాడు బస్సులు లేవు, ప్యాసింజర్ రైలు ఒక్కటే నడుస్తున్నది. ఆ స్టేషన్ రాంగనే దిగిన. మా ఆయనకు ఫోన్ చేసి చెప్తే, "ఈ రోజులల్ల కెమెరా పట్టుకొని ఒక్కదానివే తిరుగుతవా? ఎవలేమనుకుంటరో!" అన్నడు.

"బిల్డింగే గదా" అన్న.

నేను తప్ప ఎవలూ దిగలేదు. స్టేషన్ బయట దీక్ష టెంటుల కొందరు కూసున్నరు. ముందుగాల దూరం నుంచి సిగ్నల్‌తోని కలిపి బిల్డింగును తీసిన. తర్వాత దగ్గరికి పోయి చూస్తే నాకే అనుమానమొచ్చింది. రోజుకు నాలుగు బండ్లు ఆగని స్టేషన్, గింత మెరుస్తదా? టికెట్ కిటికీ ఇత్తడి చువ్వలు బంగారం లెక్క ఉన్నయి. స్తంభాల మీది ఉబ్బెత్తు అక్షరాలకు ఎవరో సన్న కుంచెతోని ఎర్ర రంగు దిద్దిన్రు. గోడకు పెద్ద గడియారం, రోమన్ అంకెలు, లోలకం ఆడుతున్నది. దాని కింద, మూలకు, కొత్త చెక్కపెట్టె. నిండ వరిగడ్డి. గడియారాన్ని చూసిన, పెట్టెను చూసిన. రెండూ ఒక్కటే కొలత అనిపించింది.

"ఎవరండీ మీరు? ఎవర్నడిగి తీస్తున్నారు?"

తెల్ల యూనిఫారంల స్టేషన్ మాస్టర్. ఆయన మాట వినంగనే నేను బిగుసుకున్న. ఆంధ్ర మాట.

"బిల్డింగు మంచిగున్నదని తీస్తున్న సార్."

నా మాట వినంగనే ఆయన బిగుసుకున్నడు. "బిల్డింగైతే సిగ్నలెందుకమ్మా తీశారు? కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పోయినసారి రైల్‌రోకోకి ముందు కూడా ఎవరో ఇలాగే వచ్చి అంతా చూసుకుని వెళ్ళారు."

"నేను పెండ్లి ఫొటోలు తీసేదాన్ని సార్. అది సరే, గీ పెట్టె ఏంది? గడ్డి ఎందుకు?"

"అది ఆఫీసు విషయం" అన్నడు. కండ్లు మాత్రం గడియారం మీదికి పోయినయి. అప్పుడు నాకు పక్కా అనిపించింది. మన నీళ్లు, మన కొలువులు అని రోజూ వింటున్న మాటలే. ఇప్పుడు గోడ మీది గడియారం సుత ఆంధ్రకే పోతున్నది అనుకున్న.

ఇంతల టెంటుల నుంచి నలుగురైదుగురు వచ్చిన్రు. ముందట నడిచేటాయనకు ఊళ్ల ఎరువుల దుకాణం ఉన్నదట. అక్కడి దీక్షకు ఆయనే పెద్ద.

"ఎవలక్కా నువ్వు? వచ్చినకాంచి మా టెంటు దిక్కే కెమెరా పెడ్తున్నవు. మఫ్టీల వచ్చినవా?"

"అయ్యో, నేను జనగామ అన్నా. స్టూడియో ఉన్నది మాకు."

"చూపియ్యి."

చూపించిన. బిల్డింగు ఫొటోలల్ల ఒక పక్కకు టెంటు, టెంటుల మొకాలు సాఫ్‌గ పడ్డయి. ఆయన మొకం మారింది. "గీ మొకాలు రేపు ఠాణల టేబుల్ మీద ఉంటే ఎవలు జిమ్మేదార్?" అని కెమెరా గుంజుకున్నడు. జనగామల తెలిసినాయనకు ఫోన్ కొట్టి మా స్టూడియో పేరు అడిగిండు. పక్కనే స్టేషన్ మాస్టర్ నన్ను, వాళ్లను మార్చి మార్చి చూస్తున్నడు. మేమందరం కలిసి నాటకమాడుతున్నమని ఆయన అనుకున్నట్టున్నది.

ఫోన్ పెట్టేసి, "మా బామ్మర్ది పెండ్లి నువ్వే తీసినవట" అన్నడు ఎరువుల దుకాణమాయన. గొంతు మెత్తగయింది గని, టెంటు ఉన్న ఫొటోలన్నీ తీసేసినంకనే కెమెరా ఇచ్చిండు.

కెమెరా చేతికి రాంగనే నేను ఊకుండలే. "అన్నా, గా పెట్టె సంగతి జర అడుగుండ్రి" అన్న.

అందరూ పెట్టె చుట్టూ చేరిన్రు. స్టేషన్ మాస్టర్ మొకం తెల్లబోయింది. గడ్డి తీసి చూపించిండు, అండ్ల ఏం లేదు.

"గడియారం కోసమే చేయించానండీ. మళ్ళీ రైల్‌రోకో అంటున్నారు కదా, ఆ రోజు దింపి భద్రంగా పెడదామని. పోయినసారి కిటికీ అద్దం పగిలింది. నేనొచ్చినప్పుడు ఇదంతా బూజు పట్టి ఉంది. ఆ ఇత్తడి నేనే తోముకున్నాను, ఆ రంగులు నేనే వేసుకున్నాను."

"దాచేటందుకా, పంపేటందుకా? దింపినంక అది ఏ బండి ఎక్కుతదో మాకేం ఎర్క?" అన్నడు దుకాణమాయన. "ఇంకో మాట. అద్దం మావోళ్లు పగలగొట్టలే. మీరే పగలగొట్టి మామీద కేసు పెట్టిన్రు."

"నా స్టేషన్ అద్దం నేనెందుకు పగలగొడతానయ్యా?"

"నీ స్టేషనా?"

గొంతులు లేచినయి. ఒకలిద్దరు ముందటికి జరిగిన్రు. అప్పుడే స్టేషన్ మాస్టర్ నా దిక్కు తిరిగిండు. "మేడమ్, తీయండి. ఒక్కొక్కటీ తీయండి. రైల్‌రోకోకి వీళ్ళంతా రాకముందు ఏది ఎలా ఉందో నా దగ్గర రుజువుండాలి."

"తియ్యి అక్కా" అన్నడు దుకాణమాయన వెంటనే. "ఏమేమి ఉన్నయో మా దగ్గర సుత ఉండాలె. రేపు ఒక్కటి మాయమైనా అడుగుతం."

కొంచెంసేపటి కింద వద్దన్న ఇద్దరే ఇప్పుడు నన్ను గది గదికి తిప్పుతున్నరు. టికెట్ కిటికీ, రైలు పట్టా ముక్కతోని చేసిన గంట, వెయిటింగ్ రూంల పొడుగు చేతుల కుర్చీ, తలుపు ఇత్తడి పిడి. ప్రతి ఫొటో తియ్యంగనే ఇద్దరూ తెర మీదికి వంగి చూసేటోళ్లు, ఏమన్న వదిలిపెట్టిన్నేమోనని. మధ్యాహ్నం ఎండ తలుపుల మీది రంగుటద్దాలల్ల నుంచి నేల మీద పడి ఎరుపు, పచ్చ మరకలయింది. గంత మంచి వెలుతురు మళ్ల నాకు దొరకలేదు. కొట్లాట మర్చిపోయి తీసుకుంటపోయిన.

ఆఖరుకు అందరినీ గడియారం కింద నిలబెట్టి ఒకటి తీసిన. అది సుత వాళ్లు అడిగిందే. ఎదుటోడు ఆడ ఉన్నడని ఎవలికి వాళ్లకు సాక్ష్యం కావాలె. నవ్వుండ్రి అంటే ఎవలూ నవ్వలేదు.

రైల్‌రోకో రోజు ఇద్దరికీ చెరొకటని రెండు సెట్లు ఫొటోలు పట్టుకొని పోయిన. రైళ్లు లేవు, బస్సుల, ఆటోల పడి పోయిన. పట్టాల నిండ జనం. ఒక దిక్కు పొయ్యిలు పెట్టి వండుతున్నరు, ఇంకో దిక్కు ఆడోళ్లు బతుకమ్మ ఆడుతున్నరు. దుకాణమాయన స్టేషన్ తలుపుల కాడ తన మనుషులనే, గ్రూపు ఫొటోల ఉన్నోళ్లనే, కాపల పెట్టి పేరు పేరున నాకు చూపించిండు. ఎందుకన్నా అంటే, "లోపలున్నాయన ఏదన్న పగలగొట్టి మా మీదికి నూకుతడు" అన్నడు. లోపల స్టేషన్ మాస్టర్, దింపితే అనుమానిస్తరనేమో, గడియారాన్ని దింపకుండ దాని కిందనే కుర్చీ వేసుకొని కూసున్నడు. ఆయన చూపు బయటి మనుషుల మీద, వాళ్ల చూపు ఆయన మీద. ఆ రోజు ఒక్క అద్దానికి గీత పడలేదు.

సాయంత్రం జనం లేచినంక ఇద్దరూ ఫొటోలు పట్టుకొని ఒక్కొక్కటి సరిచూసుకున్నరు. వెయిటింగ్ రూం తలుపుకు ఇత్తడి పిడి లేదు.

ఇద్దరూ ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. తర్వాత ఇద్దరూ నా సంచి దిక్కు చూసిన్రు.

సంచి బోర్లించిన. లెన్సు, బ్యాటరీలు, దువ్వెన, గుడ్డల కట్టుకొచ్చిన రొట్టె. ఇండ్లకు పోతున్న ఆడోళ్లు వచ్చి చుట్టూ నిలబడి చూస్తున్నరు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి గని కింద పడనియ్యలే. అన్నీ ఏరి మళ్ల సంచిల పెట్టుకున్నంక స్టేషన్ మాస్టర్ టేబుల్ సొరుగు గుంజిండు. పిడి అండ్లనే ఉన్నది.

"వదులుగా ఉందమ్మా. ఎవరైనా లాగేస్తారని పొద్దున్నే నేనే తీసి పెట్టాను. ఇంతమందిలో చెప్తే ఏమనుకుంటారోనని…"

"నా సంచి గుమ్మరించేటప్పుడన్న చెప్పాలె గదా సార్" అన్న.

ఆయన తలొంచుకున్నడు. బయటికి వచ్చినంక దుకాణమాయన, "చూసినవా అక్కా, కేసు కోసమే దాచిండు" అన్నడు. అవునో కాదో నాకు ఇప్పటికీ తెల్వది. ఇత్తడి తోమిన చేతులు ఆయనవే. సొరుగు మూసిన చేతులు సుత ఆయనవే.

రాష్ట్రం వచ్చినంక ఒకరోజు ఆయన జనగామల మా స్టూడియో మెట్లెక్కిండు. ట్రాన్స్‌ఫర్ అయిందట, ఆంధ్ర దిక్కే. గడియారం నడుస్తనే ఉన్నదని, పోయేముందు తనే దానికి చావి తిప్పిన్నని చెప్పిండు. గడియారం కింద తీసిన గ్రూపు ఫొటో ఇంకొకటి పెద్దగ కావాలన్నడు. తీసిచ్చిన. మస్తుసేపు చూసుకున్నడు.

"ఇందులో వాళ్ళ పేర్లు చెప్తారా అమ్మా? వెనకాల రాసుకుంటాను."

అప్పటికి కొట్లాట ఒడిసింది. ఆ పేర్లతోని ఆయన చేసేటిదేం లేదు. చేతుల పెన్ను సుత పట్టుకొని ఉన్నడు. అయినా నేను ఆయన మొకం దిక్కు చూసిన, పెన్ను దిక్కు చూసిన.

"నాకు తెల్వదు సార్" అన్న.

అందరి పేర్లు నాకు తెలుసు.

"పోన్లెండి" అని ఫొటో కవర్ల పెట్టుకొని, రైలు టైమైతుందని మెట్లు దిగిపోయిండు.