నాన్న ఇరుసు పెట్టిన చోటు

మొన్న అక్కని చూడటానికి కంకిపాడు బస్సెక్కాను. పెనమలూరు దాటగానే ధాన్యం బస్తాలు వేసుకున్న ట్రాక్టరొకటి మా ముందు పడి, పక్కకి తప్పుకోకుండా, అలాగని జోరుగా పోకుండా ఊగుతూ పోతుంటే డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "ఇవాళ మనల్ని ఇంటికి చేరనిచ్చేట్టు లేడండీ ఈయన" అని కండక్టరమ్మ నాతో విసుక్కుంది. నేను అవునన్నట్టు తలూపాను గానీ, నా చూపంతా ఆ ట్రాక్టరు వెనకాల తగిలించిన ట్రక్కు కింద, దాని చక్రాలు నడిమధ్యన ఉన్నాయా, కాస్త వెనక్కి ఉన్నాయా అన్న దాని మీదే ఉంది. నలభై ఏళ్ళు దాటినా ఈ జబ్బు వదలలేదు నాకు. చక్రాలు వెనక్కే ఉన్నాయి, ఆ ట్రక్కుకి ఏ ప్రమాదమూ లేదు, అయినా అది పక్కదారి పట్టేదాకా నేను సీటుకి వెనక్కి ఆనుకోలేకపోయాను.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన పల్లెల్లోకి ట్రాక్టర్లు వచ్చిన కొత్తల్లో ఎడ్లబండ్లు చేసే వడ్రంగుల చేతులు ఎలా ఖాళీ అయిపోయాయో. మా నాన్న అలాంటి వడ్రంగి. ఆయన చేసిన బండి మా చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పుంతలో పోతున్నా చప్పుడుని బట్టి ఇది ఫలానా వాడి పని అని చెప్పేవాళ్ళట, ఈ మాటలో సగం నాన్న స్వయంగా చెప్పుకున్నదే అనుకోండి. నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి ఆయన దగ్గరికి బండి కావాలని వచ్చేవాళ్ళు లేరు. మంచం కోళ్ళు, పార కామాలు, ఎప్పుడైనా ఒక ద్వారబంధం, అంతే. నేను బెజవాడ ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పనికి కుదిరి, ఆదివారాలు ఇంటికొచ్చేవాణ్ణి. నేను వచ్చినప్పుడల్లా నాన్న అరుగు మీద కూర్చుని, పని లేకపోయినా ఉలికి పదును పెడుతూ ఉండేవాడు, అది చూడలేక నేను నేరుగా పెరట్లోకి పోయేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మా బావ, అంటే అక్క మొగుడు, ఒక పాత ట్రాక్టరు కొన్నాడు. ట్రాక్టరైతే కొన్నాడు గానీ దాని వెనక తగిలించే ట్రక్కు కొనే స్తోమత అప్పటికి లేదు. మామగారి చేతిలో కర్రపనీ, బావమరిది చేతిలో ఇనప పనీ ఉండగా బయట కొనడమెందుకని అడిగాడు. నిజానికి నాన్న ముఖం చూసే అడిగాడేమో కూడా. "దానిదేముందండీ అల్లుడుగారూ, బండికి ఎద్దులు మారాయి గానీ బండి బండేగా" అన్నాడు నాన్న. ఆ సాయంత్రం నాన్న గడ్డం గీయించుకుని వచ్చాడని అమ్మ మురిసిపోతూ చెప్పింది.

ఇక ఆ ట్రక్కు దేనికి పనికిరావాలన్న విషయంలో పదిమందిలో పాము చావదన్నట్టు అయింది. బావకి ధాన్యం బస్తాలూ మట్టీ తోలాలి. బావ తమ్ముడికి వరిగడ్డి తోలాలి, అందుకని నాలుగు మూలలా వెదురు గడలు దిగేట్టు గొట్టాలు కావాలి. అక్కకేమో నాట్లకీ కోతలకీ వెళ్ళే ఆడవాళ్ళు ఎక్కడానికి వీలుగా పక్క తలుపులు కిందికి వాలాలి, వాలినవి బల్లలా నిలబడాలి. పెసరకీ మినుముకీ మందు కొట్టేటప్పుడు నీళ్ళ పీపాలు దొర్లకుండా అడుగున గాడి ఒకటి ఉండాలి. పెళ్ళిళ్ళప్పుడు వంటపాత్రలు వేసుకు వెళ్ళాలి. నాన్న ఒక్కదానికీ కాదనలేదు. బొగ్గుముక్కతో గోడ మీద గీతలు గీసుకుని, అన్నిటికీ ఏదో ఒక ఉపాయం పన్నాడు, ఇప్పుడు తలుచుకున్నా ఆ మడత తలుపుల పనితనానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

నేను ఆటోనగర్ పాత సామాను కొట్లలో వెతికి ఒక లారీ ఛాసిస్ ముక్కలూ, ఇరుసూ, అరిగినా పనికొచ్చే టైర్లూ సంపాదించి తెచ్చాను. నాలుగు ఆదివారాలు ఇద్దరం కలిసి పనిచేశాం. నా జీవితంలో నాన్నతో అంత దగ్గరగా, అంత సుఖంగా మెలిగిన రోజులు అవే, ఆ తరవాత మళ్ళీ రాలేదు.

తేడా ఇరుసు దగ్గర వచ్చింది. ఎడ్లబండి చేసేటప్పుడు నాన్నకొక పట్టింపు ఉండేది, బండి బరువు ఎద్దు మెడ మీద పడకూడదు. బండి పూర్తయ్యాక కాడి కట్టే నొగ కొసని ఒక్క వేలితో పైకెత్తి చూపించేవాడు, అలా లేస్తేనే ఆయన లెక్కలో అది బండి. ఈ ట్రక్కుకీ తాడు పెట్టి కొలిచి సరిగ్గా నడిమధ్యన సుద్దతో గుర్తు పెట్టాడు. అక్కడ ఇరుసు అతకమన్నాడు. షెడ్డులో నేను చూసింది వేరు. ట్రాక్టరు హుక్కు మీద కొంత బరువు కూర్చోవాలి, లేకపోతే వెనక బరువు ఎక్కువైనప్పుడు ట్రక్కు మూతి లేచి ట్రాక్టరు వెనక చక్రాలకి పట్టు పోతుంది. అందుకే ఇరుసు అడుగైనా వెనక్కి జరపాలి. ఆ మాటే మెల్లగా చెప్పాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న మనిషి ఆయన, నవ్వి ఊరుకున్నాడు. రెండోసారి నేను కాస్త గట్టిగా "అది ఎద్దు కాదు నాన్నా, దానికి మెడెక్కడుంది" అన్నాను. బావ పక్కనే ఉన్నాడు. నాన్న తాడు చుట్టేసి, ఉలి సంచీలో పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు.

అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి, "అల్లుడి ముందు అలాగా అనేది? ఇన్నాళ్ళకి ఆయన చేతికి పనొచ్చింది, చెప్పినట్టు చెయ్యి నాయనా" అంది. గుర్తు పెట్టిన చోటే ఇరుసు అతికాను. తెలిసి అతికాను.

కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, ట్రక్కుని పంపించాం. పంపేముందు నాన్న దాని మూతిని ఒక్క వేలితో ఎత్తి బావకి చూపించాడు. రెండు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే మొదట్లో నాన్నే వెళ్ళి ఏ బస్తా ఎక్కడ వెయ్యాలో దగ్గరుండి వేయించేవాడు. తరవాత కోతల హడావుడిలో ఒకరోజు కూలీలు ఎవరికి తోచినట్టు వాళ్ళు వెనక వైపు బస్తాలు నింపేశారు, వాటిపైన అక్కా, మరో ముగ్గురు ఆడవాళ్ళూ ఎక్కి కూర్చున్నారు. చేలోంచి కాలువగట్టు మీదికి ఎక్కే వాలులో ట్రక్కు మూతి లేచింది, ట్రాక్టరు చక్రాలు తేలిపోయి గిర్రున తిరిగాయి, మొత్తం వెనక్కి జారి ట్రక్కు పక్కకి ఒరిగిపోయింది. మిగతావాళ్ళు బురదలో పడి బతికిపోయారు. అక్క మీద బస్తాలు పడి తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రి వరండాలో అందరం నిలబడి ఉన్నాం. ఎలా జరిగిందని ఎవరో అడిగారు. బోల్తా పడ్డ దెబ్బకి మూతి దగ్గర నేను వేసిన అతుకొకటి పగిలింది, అది అందరూ చూశారు. నాన్న గోడకి ఆనుకుని, రెండు చేతులూ పైపంచెలో దాచుకుని నిలబడ్డాడు. ఆయన్ని అలా చూసి, "నాదే తప్పు, వెల్డింగు సరిగా పట్టలేదు" అనేశాను. బావ నన్ను ఒక్కమాట అనలేదు. కానీ మళ్ళీ జన్మలో నా చేత ఒక్క గేటు కూడా అతికించుకోలేదు. ఊళ్ళోనూ అంతే, వాడి అతుకు నిలవదన్న పేరు స్థిరపడిపోయింది.

ట్రక్కుని షెడ్డుకి తోలుకుపోయి, ఇరుసు కోసి అడుగు వెనక్కి జరిపి అతికి తెచ్చాను. నాన్న వచ్చి చూశాడు. అలవాటు కొద్దీ మూతి కింద వేలు పెట్టి ఎత్తబోయాడు, లేవలేదు. రెండు చేతులూ వేస్తే లేచింది. మెల్లగా కిందికి దించి, చేతులు తుడుచుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆయనకి అర్థమైందని నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆ తరవాత పదకొండేళ్ళు బతికాడు. ఆయన ఎదుటే ఎంతమంది నా వెల్డింగు గురించి వెక్కిరించినా, వాడి తప్పు కాదు నాయనా అని ఒక్కసారైనా అంటాడేమోనని చూశాను. అనలేదు. నాకు కోపం ఉండేది, దాచుకోవడమెందుకు, చాలా కోపం ఉండేది. పోయినవాళ్ళ మీద కోపం ఎవరికి చెప్పుకుంటాం.

మొన్న వెళ్ళేసరికి అక్క చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తోంది. ఆ కాలు ఇప్పటికీ మడత పడదు, బల్ల మీద పక్కకి చాపుకుని కూర్చుంటుంది. దారిలో చూసిన ట్రాక్టరు మనసులో తిరుగుతోందో, ఇక మొయ్యడానికి ఓపిక లేకో, ఉన్నదంతా చెప్పేశాను. అక్క చేతులు ఆగలేదు.

"నాకు తెలుసులేరా" అంది. "నేను ఆస్పత్రి మంచం మీద ఉండగానే నాన్న చెప్పి ఏడ్చాడు. వాడు చెప్పినా నేనే వినలేదమ్మా అన్నాడు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"ఒట్టు వేయించుకున్నాడు. నా పరువు నిలబెట్టానని వాడు సంతోషపడుతున్నాడు, ఆ సంతోషం చెడగొట్టకమ్మా అన్నాడు."

నేను సంతోషపడుతున్నానని ఆయనకెవరు చెప్పారో. ఆయన బాధపడకూడదని నేనూ, నేను బాధపడకూడదని ఆయనా, మేమిద్దరం బాధపడకూడదని అక్కా, నోళ్ళు కుట్టేసుకుని ఇన్నేళ్ళు గడిపాం. ఇరుసు దగ్గర మొదలైన ఈ మర్యాదలకి ఖరీదు అక్క కాలు కట్టింది. నిజం తెలిస్తే గుండె తేలికపడుతుందంటారు. నాకైతే అలా ఏమీ పడలేదు.

తరవాత నేను సొంతంగా పెట్టుకున్న షెడ్డుని ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ట్రక్కులన్నీ కంపెనీల నుంచి తయారై వస్తున్నాయి, మాకు మిగిలినవి మరమ్మతులే. నిన్న నేను ఒక పాత ట్రక్కుకి పట్టీలు వెయ్యడానికి గుర్తులు పెడుతుంటే, ఇద్దరు బేరగాళ్ళ ముందే వాడు "ఆ కొలత తప్పు నాన్నా" అన్నాడు. ఈ కాలం వాళ్ళకి ఎవరి ముందు ఏది అనాలో తెలియదు. ఒళ్ళు భగ్గుమంది, సుద్దముక్క పారేసి ఇంటికి పోదామనుకున్నాను, రెండడుగులు వేశాను కూడా. మళ్ళీ వెనక్కి వచ్చి టేపు పెట్టి కొలిచాను. వాడు చెప్పిందే నిజం.

"నాదే తప్పురా, మార్చు" అన్నాను. వాడు తల కూడా ఎత్తకుండా మార్చేశాడు, వాడికి అదేమంత పెద్ద సంగతి కాదు. నిజంగా నాది తప్పైనప్పుడు ఆ ఒక్క మాట అనడానికి నాకు అరవై ఎనిమిదేళ్ళు పట్టింది. మా నాన్నకి ఆయుష్షు చాల్లేదు.