వడియాలు పెట్టుకునే రోజులు

రాయపూర్‌లో మేముంటున్న మోవా పేటలో మా పైవాటా వాళ్లమ్మాయి బెంగళూరులో చదువుతోంది. సెలవులకు వచ్చి మొన్న ఆదివారం ఒక ప్రశ్నల కాగితం పట్టుకుని మెట్లు దిగింది. ఆ చదువు పేరు సస్టెయినబుల్ బిజినెస్సట. గాలి, నీళ్లు, నేల పాడు చేయకుండా నాలుగు కాలాలపాటు వ్యాపారం ఎలా నడపాలో రెండేళ్లు నేర్పుతారట. "ఆంటీ, మీరూ బిజినెస్ చదివారని అమ్మ చెప్పింది. మీ రోజుల్లో ఇవి ఉండేవి కావేమో" అంది. ఉండేవమ్మా, ఈ పేరే ఉండేది కాదు అన్నాను. నవ్వి, కాగితం నా చేతిలో పెట్టి వెళ్లింది. అందులో మొదటి ప్రశ్న, మీకు తెలిసిన పరిశ్రమ మీద ఎప్పుడైనా ఫిర్యాదు చేశారా అని. ఆ గడి ఖాళీగా వదిలేసి కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టాను. రెండు రోజులుగా వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా అటు చూడకుండా తిరుగుతున్నాను.

తొంభైల మొదట్లో రాయపూర్ నాకు మహానగరమే. మా తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి రైలు పట్టాల వెంట ఇటు వచ్చేశాం. నాన్న గార్డు. ఒక చిన్న స్టేషన్ పక్క కాలనీలో పెరిగినదాన్ని, డిగ్రీ అయ్యాక వ్యాపార నిర్వహణలో డిప్లమా చేస్తానని పట్టుబడితే, ఊరి చివర కార్ఖానాల పేట భన్‌పురిలో పిన్ని ఇంట్లో దింపి వెళ్లారు. చిన్నాన్న అక్కడ ఒక ఇనుప కార్ఖానాలో భట్టీ మిస్త్రీ. పాత ఇనుము కరిగించి కడ్డీలు పోసే భట్టీ అది. ఆయనకి కనుబొమలు సగమే ఉండేవి, మిగతా సగం భట్టీ తినేసిందని పిన్ని ఎగతాళి చేసేది. నేను చదువుకుంటుంటే పక్కన కూర్చుని, తనకి రాని ఇంగ్లీషు పుస్తకాన్ని తిరగేసి, కాగితం నున్నగా ఉందని మెచ్చుకునేవాడు. ఇంట్లో పిల్లలు లేరు. నా చదువంటే ఆయనకి భక్తి లాంటిది ఉండేది, దానికి తగినదాన్ని నేను కాదని ఆయనకి తెలియదు.

మా కాలేజీలో ఆ ఏడే 'పరిశ్రమలు, పరిసరాలు' అని కొత్త పేపరు పెట్టారు. మిగతావాళ్లంతా మార్కెటింగ్ వైపు ఎగబడితే నలుగురం మాత్రం దీంట్లో చేరాం. నేను చేరిన కారణం చెబితే సిగ్గుచేటు. ఆ క్లాసు అయ్యేసరికి భన్‌పురి టెంపో ఖాళీగా దొరికేది. చెప్పే మాస్టారు ఎప్పుడో కార్ఖానాల్లో ఇంజనీరుగా పనిచేసి వచ్చిన పెద్దాయన, చాక్‌పీసు పొడి కూడా డబ్బాలోకి దులిపేవారు. ప్రతి విద్యార్థీ ఒక పరిశ్రమని చూసి రిపోర్టు రాయాలన్నారు. కొలిచే పరికరాలు లేవు కదా సార్ అంటే, "చుట్టుపక్కల ఆడవాళ్లని అడగండి. వాళ్లు రోజూ కొలుస్తూనే ఉంటారు" అన్నారు హిందీలో. అప్పుడు ఆ మాట నాకు వేళాకోళంగా తోచింది.

చిన్నాన్న వెళ్లి బతిమాలితే కార్ఖానా వాళ్లు లోపల చూడనిచ్చారు, ఒక కాపీ తమ ఆఫీసుకి ఇవ్వాలన్న షరతు మీద. చిమ్నీకి పొగలోని దుమ్ముని పట్టేసే యంత్రం ఉందని, అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుందని మేనేజరు చెప్పాడు. నేను బుద్ధిగా రాసుకున్నాను. ఇంటికొచ్చేసరికి పిన్ని మినపప్పు నానబోస్తోంది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ కూడా బూడిద గుమ్మడికాయ కోరుతోంది, వాళ్లు ఆ వడియాల్ని రఖియా బడీ అంటారు. ఇద్దరికీ ఆ వడియాల్లో ఇంగువ వేయాలా వద్దా అన్నదాని మీద ఏళ్ల తరబడి తగువు, అదీ ఒకరికి రాని భాషలో ఒకరు. వీధంతా ఒకేసారి ఎందుకు మొదలుపెట్టారని అడిగాను.

"రేపు జీపొస్తాది కదమ్మా, మీ చిన్నాన్న సెప్పీసినారు" అంది పిన్ని. "జీపొస్తే మిషనేస్తారు. రెండు దినాలు పొగుండదు. మామూలప్పుడు కరెంటు ఖర్సని కట్టీస్తారు, గుడ్డ పరిస్తే వడియాలు ఇనప గుళ్లయిపోతాయి."

తనిఖీ అధికారి జీపు గురించి చెబుతోంది. గోడ మీది కేలండర్ చూపించింది. పాలవాడు రాని రోజులకి సున్నాలు, వడియాలు పెట్టిన రోజులకి గీతలు. ఆ ఎండాకాలం మొత్తానికి నాలుగే గీతలు. జీపు వస్తుందని కార్ఖానాకి ముందు రోజే తెలుస్తుందనడానికి, వచ్చిన రోజుల్లోనే యంత్రం నడుస్తుందనడానికి, నానుతున్న ఆ మినపప్పుని మించిన సాక్ష్యం ఏముంటుంది? మర్నాడు పరిచిన తెల్ల పంచె సాయంత్రానికి తెల్లగానే ఉంది. నాలుగో నాడు అదే పంచె ఉత్తినే ఆరేసి చూశాను. గోధుమరంగు పొడి వేలికి అంటుకుంది. ఆ పొడి వాసన, తుప్పు నీళ్ల వాసన, నాకిప్పటికీ తెలుసు. ఇప్పటికీ పొద్దున్నే కిటికీ చట్టం మీద వేలు పెట్టి చూస్తాను, అదేం జబ్బో అని మా ఇంట్లో నవ్వుకుంటారు.

ఇదంతా రిపోర్టులో అయిదో పేజీగా రాశాను. నా జీవితంలో నేను రాసిన ఒకే ఒక మంచి పేజీ అది. గర్వంగా చిన్నాన్నకి తెలుగులో చెప్పి వినిపించాను. ఆయన ఆ కాగితాన్ని వేలితో నిమిరాడు.

"బాగా రాసినావు. ఆ ఒక్క పేజీ ఒగ్గేయమ్మా" అన్నాడు. "జీపు కబురు నాను తప్ప బయటికెవుడు సెప్తాడు? మాలిక్‌కి తెలిస్తే నాకు ఛుట్టీయే."

తీసేశాను. మేనేజరు చెప్పిందే ఆ చోట రాసి పెట్టాను. ఆయన ఉద్యోగం కోసం తీసేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను, కొంత నిజమే. కానీ ఆయన ఆ మాట అనగానే నాకు లోపల హాయిగా అనిపించింది. కార్ఖానాతో గొడవ పడాల్సిన పని తప్పిందన్న హాయి. మాస్టారు ఆ రిపోర్టు చదివి, మంచి మార్కులే వేసి, "ఆడవాళ్లని అడగలేదా?" అని మాత్రం అడిగారు. అడిగాను సార్, ఏమీ చెప్పలేదు అన్నాను. నీలం అట్ట వేసిన కాపీ ఒకటి, చివర నా సంతకంతో, కార్ఖానా ఆఫీసుకి చేరింది.

ఆరేడేళ్లు గడిచాయి. నేను ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉద్యోగానికి కుదిరాను. చిన్నాన్నకి దగ్గు పట్టుకుంది. ముందు పొడిదగ్గు, తర్వాత నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఊపిరితిత్తుల్లోకి దుమ్ము చేరిందన్నాడు డాక్టరు. భట్టీ దగ్గర నుంచి తీసి గేటు దగ్గర పని ఇవ్వమని, వైద్యం చూడమని అడగడానికి చిన్నాన్న ఆఫీసుకి వెళ్లాడు. మేనేజరు బీరువాలోంచి నీలం అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడట. ఇక్కడి గాలి శుభ్రంగా ఉందని మీ ఇంటి పిల్లే రాసింది, నీ దగ్గుకి బీడీలు కారణమై ఉంటాయి అన్నాడట. చిన్నాన్న జన్మలో బీడీ ముట్టలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచి, నా దగ్గరున్న కాపీ చదివి చెప్పమన్నాడు. మంచం పక్కన కూర్చుని ఒక్కో వాక్యం తెలుగు చేసి చెబుతూ వచ్చాను. నాలుగో పేజీ అయ్యాక కాగితం మీద చెయ్యి పెట్టాడు.

"ఇక్కడే కదా పిన్ని వడియాల సంగతుండాల. అదీ సదువు."

"లేదు చిన్నాన్నా. అప్పుడే చింపేశాను."

"గుర్తున్నకాడికి సెప్పు."

అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మినపప్పు, జీపు, పంచె, కేలండర్ మీద నాలుగు గీతలు, అన్నీ చెప్పాను. దగ్గు వచ్చినప్పుడు ఆగమని సైగ చేసి, తగ్గాక మళ్లీ చెప్పమని విన్నాడు. పిన్ని గడప దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతా అయ్యాక నా ముఖంలోకి చూశాడు.

"నానైతే బయపడి అలాగన్నాను. నువ్వు సదువుకున్నదానివి. నా మాటెందుకు ఇన్నావమ్మా?"

కోపంగా అనలేదు. తెలియని విషయం తెలిసినవాళ్లని అడిగినట్టు అడిగాడు. నేను కాగితాల అంచులు సరిచేస్తూ కూర్చున్నాను. ఆయన కాసేపు ఎదురు చూసి, అటు తిరిగి పడుకున్నాడు. వానలు మొదలవకముందే పోయాడు.

ఆయన పోయిన వయసుని నేను దాటి కొన్నేళ్లయింది, అయినా ఏ మధ్యాహ్నమైనా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే, జవాబు కోసం ఆయన ఎదురుచూసిన ఆ కాసేపు ఇంకా గడవలేదనే అనిపిస్తుంది.