తెరను నమ్మనివ్వని దేవసహాయం గారు

దేవసహాయం గారికున్నది ఒక్కటే జబ్బు. సినిమా చూస్తూ పక్కవాళ్లెవరైనా దాన్ని నిజమనుకుంటే ఆయన ఊరుకోలేరు. హాల్లో లేచి నిలబడి, తెరకేసి గొడుగు చూపిస్తూ గుట్టు విప్పేస్తారు.

ఆ గొంతు మామూలుది కాదు. మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి హాలంతటికీ కథ చెప్పిన గొంతు. టాకీలొచ్చి ఆ పని పోయింది, ఆయన రైల్వేలో గుమాస్తా అయ్యారు. గొంతు మాత్రం రాజీనామా చేయలేదు. తెర మీద వాన కురిస్తే, "గొట్టంతో పోస్తున్నారు, వెనక గోడ పొడిగా ఉంది చూడండి!" అనేవారు. కథానాయకుడు అడవిలో ఒంటరిగా ఏడిస్తే, "ఒంటరేమిటి? ఎదురుగా కెమెరావాడు లేడూ?" అనేవారు.

"ఏయ్ గొడుగు సాబ్, బైఠో! పైసల్ పెట్టి ఏడ్వనీకి వచ్చినం, జెర ఏడ్వనియ్యి!" అని బెంచీలవాళ్లు అరిచేవారు.

"ఏడవండి నాయనా! ఏం చూసి ఏడుస్తున్నారో తెలిసి ఏడవండి. ఏనాటికైనా సినిమా తీసేవాళ్లే 'ఇది సినిమా' అని తెరమీద చెప్పే రోజొస్తుంది. అందాకా ఈ పని నాది."

ఈ మధ్య చావుల దగ్గర మరీ రెచ్చిపోతున్నారు. ఎవరు చచ్చినా సరే, "చావలేదమ్మా! పొట్ట చూడండి, ఊపిరాడుతోంది!" అని కేక.

మిషన్ బడిలో పంతులమ్మ అయిన ఆయన భార్య మార్తకు తల కొట్టేసినట్టుండేది. పరదా ఇవతల ఆడవాళ్లలో కూర్చుని, ఆ కేకేసేవాడు తనకేమీ కానట్టు నటించేది.

పోలీసు చర్య జరిగిన ఏడాది చలికాలంలో బడి హెడ్‌మిస్ట్రెస్ మేబెల్ గారు తానూ సినిమాకొస్తానన్నారు. మార్త వెంటనే భర్తను పట్టుకుంది.

"ఇవాళ నోరు విప్పితే నా మీద ఒట్టే" అంది భర్తతో.

"సరే మార్తా. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు!"

హాల్లో మార్తకు ఒక పక్క మేబెల్ గారు, రెండో పక్క రాంగోపాల్‌పేట్‌లో పక్కింటి కమలాబాయి. ఆమె కొడుకు మధుసూదన్ నిజాం మీద పోరాడేవాళ్లతో కలవడానికి సరిహద్దు క్యాంపుకు వెళ్లాడు. వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొస్తున్నారు. అతని కబురు మాత్రం లేదు.

తెర మీద కథానాయకుడికి బాణం తగిలింది. కూలిపోయాడు. హాలంతా వెక్కిళ్లు. కమలాబాయి పరదా వైపు తిరిగి చెవి పెట్టింది. అటునుంచి చప్పుడు లేదు. మార్త చెయ్యి పట్టుకుంది.

"సారు ఏమంటలేడేందమ్మా? గీయన నిజంగ సచ్చిండా? బతికే ఉన్నడని సారు చెప్తేనే ఇంటికి పొయ్యినంక నాకింత బువ్వ దిగుతది. నా కొడుక్కు సుత ఏమన్న అయిందా ఏంది?"

చావుల దగ్గర ఆ కేకలన్నీ పరదా దాటి కమలాబాయికి వినబడాలనే అంత గట్టిగా వచ్చాయని మార్తకు అప్పుడు తెలిసింది. తను ఆయన్ని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. లేచి నిలబడింది.

"చావలేదమ్మా! పొట్ట చూడండి, పొట్ట! ఊపిరాడుతోంది!"

మేబెల్ గారి కళ్లద్దాలు జారి ఒళ్లో పడ్డాయి.

ఆట విడిచాక నలుగురూ ఇంటిదారి పట్టారు. కమలాబాయి, మేబెల్ గారు ముందు నడుస్తున్నారు.

"నాకెందుకు చెప్పలేదండీ? ఊరికే అన్ని మాటలన్నాను" అంటూ మార్త కళ్లనీళ్లు పెట్టుకుంది.

దేవసహాయం గారు కంగారుపడ్డారు. "ఏడవకు మార్తా. నిజం ఏడుపుకి ఏం చెప్పాలో నాకు తెలీదు."

ముందు నుంచి కమలాబాయి గొంతు వినిపించింది. "పొట్ట ఆడింది గదా దొరసానీ? మీరు సుత చూసిన్రా?"

జన్మలో అబద్ధమాడి ఎరుగని మేబెల్ గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "చూశానమ్మా. పడిపోయాక దోమను కూడా తోలుకున్నాడు."

దేవసహాయం గారు ఆగిపోయారు. "దోమా? నేను చూడలేదే!"

"ఊరుకోండి" అంది మార్త, కళ్లు తుడుచుకుంటూ. "ఉంది."