తొమ్మిదో పేజీ ఎవరిది

రేపల్లె నుంచి తెనాలికి రోజూ రైల్లో వెళ్లి ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన ఆ రెండేళ్లూ మాకు ఇది నాది, అది నీది అనే పట్టింపు ఉండేది కాదు. నేను తెచ్చిన పులిహోర వేమూరులో ఎక్కే స్నేహితురాలు తినేది. ఆమె గొడుగు భట్టిప్రోలులో ఎక్కే ఇంకొకామె పట్టుకుపోయేది (ఇద్దరినీ ఊళ్ల పేర్లతోనే పిలిచేదాన్ని, నా ఫోనులో ఇప్పటికీ అలాగే ఉన్నారు). మా సెమినార్ పేపర్లు కూడా ఆ రైల్లోనే, అలాగే తయారయ్యాయి. దానికొక పద్ధతి ఉండేది. దొరికేది ఒక్క సీటు కాబట్టి వంతులవారీగా కూర్చునేవాళ్లం. కూర్చున్నవాళ్లు రాయాలి, నిలబడ్డవాళ్లు చెప్పాలి. రెండు స్టేషన్లకోసారి సీటు మారేది, రాసే చెయ్యీ మారేది.

నాకు వచ్చిన అంశం గ్రీకుల ప్రాచీన యుద్ధకావ్యాలు. వాటిని ఒక్క కవే రాశాడా, లేక తరతరాల గాయకులు పాడుతూ పెంచిన పాటల్ని తర్వాతెవరో కూర్చారా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేని తగాదా. నేను మొదటి పేజీలోనే తేల్చేశాను. ఇంత పెద్ద కథ ఇంత బిగువుగా వచ్చిందంటే అది ఒక్క మనిషి పనేనని.

తెనాలి మార్కెట్‌కి ములక్కాయల మూట తీసుకెళ్లే ఒకావిడ రోజూ మా పక్కనే కూర్చునేది. అత్తా అని పిలిచేవాళ్లం. మా గోల విని విని ఒకరోజు, "ఏంటమ్మా రోజూ ఆ తగువు?" అంది. చెప్పాం.

"ఒక్కడే ఎందుకు కడతాడమ్మా? నాట్లప్పుడు ముందున్నామె ఒక ముక్క ఎత్తుకుంటే వెనకున్నోళ్లం అందుకుంటాం. మర్చిపోయిన చోట ఏదో ఒకటి అతికేస్తాం. పై ఏటికి ఆ అతుకే పాటయిపోద్ది. ఎవరు కట్టారంటే ఏం చెప్తాం?"

ఆ సమయానికి సీటు వేమూరుది. చెవిన పడిందల్లా ఇంగ్లీషులోకి మార్చి రాసేసింది. గడువు ముందురోజు నేను మొత్తం శుభ్రంగా ఎత్తి రాశాను. ఎత్తి రాశానే తప్ప చదవలేదు (కంగారులో ఉన్న మనిషికి ఈ రెండూ వేరువేరు పనులు).

ఆ పేపర్ మీదే నా ఆశంతా ఉంది. బాపట్లలో ఒక కాలేజీవాళ్లు, సెమినార్‌లో మంచి మార్కులు వస్తే తాత్కాలిక లెక్చరర్‌గా తీసుకుంటామన్నారు. ఇతరుల చేత రాయించినట్టు తేలితే మాత్రం పేపర్ రద్దు.

పరీక్షించడానికి వేరే ఊరి నుంచి ఒక మేడం వచ్చారు. ఆవిడ పేజీలు తిప్పుతుంటే నేను బల్ల ముందు నిలబడ్డాను. తలుపు అవతల వేమూరు, భట్టిప్రోలు తమ వంతు కోసం చూస్తున్నారు. నాది దొరికితే వాళ్లవీ దొరుకుతాయి.

"ఒక్క కవే రాశాడంటావు."

"అవునండి."

"మూడో పేజీలో ఒక పండితుడికి ఏమీ తెలియదన్నావు. ఏడో పేజీలో ఆయన మాటకు తిరుగులేదన్నావు. నాలుగో పేజీలో 'నేను' అనుకుంటున్నావు, ఆరో పేజీలో 'మేము' అనుకుంటున్నారు. మీరెంతమందమ్మా?"

పక్కనున్న మా సార్ కిటికీలోంచి బయటకు చూడసాగారు. నా చేతిలోని కర్చీఫ్ తడిసిపోయింది.

"తొమ్మిదో పేజీలో ఏదో నాట్ల పాట సంగతి ఉంది. ముందున్న ఎనిమిది పేజీలనూ అది కొట్టేస్తోంది. కానీ ఈ మొత్తంలో ఆలోచించి రాసింది ఆ పేజీ ఒక్కటే." ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూశారు. "అదెవరిది?"

ఆ పేజీలో ఏముందో నాకప్పుడే గుర్తొచ్చింది. రైల్లో ములక్కాయల అత్తదండి అనాలి. అంటే బాపట్ల పోతుంది, తలుపు అవతలివాళ్లూ పోతారు.

"నాదేనండి."

"మరి ముందు ఎనిమిది పేజీలు?"

"అప్పటికి నాకింకా తెలియదండి." (ఆ గదిలో నేను చెప్పిన నిజం అదొక్కటే.)

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "మనసు మార్చుకోవడం తప్పు కాదు. మార్చుకున్నాక వెనక్కి వెళ్లి మొదటి పేజీ కొట్టేయాలి," అని మార్కులు వేశారు.

బయటికి రాగానే వేమూరు చెయ్యి పట్టుకుంది. "ఏమడిగిందే?"

"ఎవరు రాశారని."

"గ్రీకు కవి గురించా?"

"మన గురించి."

భట్టిప్రోలు మెట్ల మీద కూలబడి, తన పేపర్లో 'మేము' అన్నచోటల్లా 'నేను' అని దిద్దడం మొదలుపెట్టింది.

మర్నాడు రైల్లో అత్త మొహం చూడలేకపోయాను. జంపని దాటాక ఇక ఆగలేక, "అత్తా, నీ మాట నాదని చెప్పి గట్టెక్కాను," అన్నాను.

ఆవిడ ములక్కాయలు కట్టలు కడుతూనే, "ఏ మాట?" అంది.

"అదే, నాట్ల పాట ఎవరు కట్టారంటే చెప్పలేమన్నావుగా."

"అదా. అది మా అమ్మ అనేదిలే."

"మీ అమ్మకెవరు చెప్పారు?"

"ఏమో, ఎప్పుడూ అడగలా. లే, చినరావూరు దాటింది, మూటకో చెయ్యెయ్యి."

బాపట్ల ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ తాత్కాలికంగానే సాగుతోంది. నా విద్యార్థుల పేపర్లలో రెండు గొంతులు వినిపించినప్పుడు, ఇదెవరిదని అడగబోయి, ఇందులో నీకు నచ్చిన పేజీ ఏదని అడుగుతాను. ఇంటి దగ్గర మా పాపకి పాలు పట్టేముందు వేడి మూడుసార్లు చూస్తాను, నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. దేన్నీ ఒక్కసారికి నమ్మలేని ఈ మనిషే ఆ రోజు గొంతు వణక్కుండా 'నాదేనండి' అందంటే నాకే ఆశ్చర్యం. నాలోని అప్పటి ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూస్తాను. తడిసిన కర్చీఫ్‌తో అలా నిటారుగా నిలబడి ఉంటుంది, నవ్వొచ్చేస్తుంది.