మా మరిది బండి పురాణం

మా మరిదితో మీరు ఏ మాట మొదలుపెట్టినా అది చివరికి బండి దగ్గరికే చేరుతుంది. గుట్టలెక్కే, ఇంటిల్లిపాదీ పట్టే జీపులాంటి ఆ పెద్ద బండి ఒకటుందే, దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరికో ఒకరికి చెప్పందే అతనికి అన్నం సహించదు.

ఓసారి ఒక పెద్దమనిషి అలాంటి బండే కొత్తది తెచ్చి మా మెకానిక్ షెడ్డు గేటుకు అడ్డంగా పెట్టాడు. "తీయను, ఏం చేస్తావ్?" అని ఎగిరాడు. మరిది గొంతు పెంచలేదు. బానెట్ మీద చెయ్యి వేసి, "అయ్యా, దీని ముత్తాత గుడ్డ టాపుతో పుట్టింది, తెలుసా?" అన్నాడు. రెండో బండికి ఇనప టాపు వచ్చేసరికి పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. మూడోదానికి వెనక తలుపు పెట్టేలోగా బండితో సహా ఉడాయించాడు. ఒక్క తిట్టయినా లేకుండా గెలిచిన తగవు నా కళ్లతో నేను చూసింది అదొక్కటే.

పళ్ల డాక్టరునూ వదల్లేదు. "నోరు తెరవండి" అన్నాడట పాపం. తెరిచింది మూయించడానికి మత్తు సూది కావలసి వచ్చింది.

ఇంతలో మా ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ, తమ్ముడికి బండి సంగతులు నేర్పిందే ఆయన. "మాట రావచ్చు, రాకపోవచ్చు. పలికించడం మాత్రం మానకండి" అన్నాడు డాక్టరు. నేను ఎంత పలకరించినా ఆయన గోడకేసే చూసేవాడు. మరిది రోజూ సాయంత్రం మంచం పక్కకి కుర్చీ లాక్కుని పురాణం విప్పేవాడు. అదీ తప్పుల తడకగా!

"మొదటిదానికి రేకు టాపు కదన్నయ్యా..."

"రేకేమిటయ్యా, గుడ్డ!" అనేదాన్ని వంటింట్లోంచి.

"రెండోదానికి రెండే గేర్లు..."

"నాలుగు! నీకు మతిగాని పోయిందా?"

నా చదువు రెండో తరగతి. అయితేనేం, నలభై ఏళ్లు విన్నదాన్ని తప్పుగా చెబుతుంటే ఊరుకుంటానా? ఆర్నెల్లు ఒక్క తప్పూ పోనివ్వలేదు.

ఒకరోజు జలుబు చేసి నా గొంతు పూర్తిగా పట్టేసింది. మరిది మొదలెట్టాడు: "మొదటి బండిలో వెనక సీట్లు ముందుకి చూసేవి కదన్నయ్యా..."

నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. మంచం మీద మా ఆయన మొహం కందగడ్డయింది. బాగున్న చెయ్యెత్తి మంచంపట్టె మీద ఒక్కటి కొట్టాడు.

"ప... పక్కకి! పక్కకి... వెధవా!"

ఆర్నెల్లు సేవ చేసింది నేను. మొదటి మాట సీట్లకూ రెండోది తమ్ముడికీ దక్కాయి. నా వంతు ఇంకా రాలేదు.

మరిది చెవులదాకా నవ్వుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. అప్పుడు వెలిగింది నాకు. ఆ తప్పులన్నీ వాళ్లన్న నోరు విప్పించడానికి వేసిన ఎరలు. అన్నీ నేనే మింగాను!

"ముందే చెప్పొచ్చుగా?" అన్నాను గుసగుసగా.

"చెప్పబోయినప్పుడల్లా నువ్వు గేర్లు లెక్కపెడుతున్నావు వదినా. సరేగాని, నీ గొంతు బాగుపడగానే నేను పనిమీద పొరుగూరు వెళ్లాలి. రెండు రోజులు నువ్వే చెప్పాలి."

నా ఛాతీ పొంగింది. "పొల్లుపోకుండా చెబుతా."

"అదే వద్దంటున్నా," అన్నాడు మరిది. "నీకు ప్రాణం పోయినంత పనే, తెలుసు. అయినా నా కోసం, పూటకి ఒక్కటైనా తప్పు చెప్పు వదినా!"